మీరు అడిగారు: మూకీ హాస్యచిత్రం, పక్కన మన వాద్యం

హాస్యనటులు చార్లీ చాప్లిన్, బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్ కాలపు మూకీ (ఫిల్మ్ మీద శబ్దం లేని) హాస్యచిత్రాలను తెర మీద వేసి, పక్కనే వాద్యకారులు కూర్చుని వాయిస్తుండగా చూడటం గురించి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా కాలేజీ సెమినార్ హాల్లో 150 మంది పడతారు. మూకీ సినిమాను పూర్తిగా చూసినవాళ్లు ఎవరూ లేరు. మొదటిసారి ఏది వేయాలి? చాప్లిన్ ‘మోడర్న్ టైమ్స్’ అనుకుంటున్నాం. — అధ్యాపకుడు, హనుమకొండ

‘మోడర్న్ టైమ్స్’ వద్దు. 1936లో వచ్చిన ఆ చిత్రానికీ, 1931 నాటి ‘సిటీ లైట్స్’కూ చాప్లినే సంగీతం కట్టి ఫిల్మ్ మీదే రికార్డు చేయించాడు. సౌండు మూసేసి మనం వాయిస్తే ఆయన పని చెరిపేసినట్టే. ‘ది గోల్డ్ రష్’ తీసుకుంటే ఇంకో చిక్కుంది. 1925 నాటిది అసలు మూకీ. 1942లో చాప్లిన్ టైటిల్ కార్డులు (మధ్యమధ్యలో మాటలు రాసి చూపే పలకలు) తీసేసి, తన గొంతుతో కథ చెబుతూ, సంగీతం చేర్చి మళ్లీ విడుదల చేశాడు. పొరపాటున రెండోది తెచ్చి సౌండు మూస్తే కార్డులూ ఉండవు, మాటా ఉండదు. డిస్కు మీదో ఫైలు పేరులోనో ఏ సంవత్సరపు ప్రతో చూసుకోండి.

కొత్త ప్రేక్షకులకు మా సలహా: ముందు కీటన్ ‘వన్ వీక్’ (1920), వెంటనే ఆయనదే ‘షెర్లాక్ జూనియర్’ (1924). మొదటిది రెండు రీళ్ల చిన్న చిత్రం, ఇరవై నిమిషాల పైచిలుకు. రెండోది దాదాపు 45 నిమిషాలు. రెండూ కలిపి 70 నిమిషాల్లోపే అయిపోతాయి. మాట లేని తెర మీద చూపు నిలపడం అలవాటు లేనివాళ్లకు అంతకన్నా ఎక్కువ పెడితే చివర్లో కుర్చీలు కదులుతాయి. పైగా ‘షెర్లాక్ జూనియర్’లో హీరో సినిమా హాలు ఆపరేటరు. ప్రొజెక్టరు పక్కనే నిద్రపోయి, కలలో నడుచుకుంటూ తెరలోకి వెళ్లిపోతాడు. మన పిల్లలకు ముందుమాట అక్కర్లేని కథ.

లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్!’ (1923) కూడా మంచిదే. గడియారం ముల్లు పట్టుకుని వేలాడే బొమ్మ అందరూ ఎరిగిందే. కానీ గోడ ఎక్కడం మొదలయ్యేది సినిమా చివరి భాగంలో. అప్పటిదాకా బట్టల దుకాణంలో నడిచే హాస్యాన్ని మీ వాద్యకారులు మోయాలి. రెండో ప్రదర్శనకు ఉంచుకోండి. కీటన్ ‘ది జనరల్’ (1926) అంతకన్నా పెద్దది, అమెరికా అంతర్యుద్ధం గురించి రెండు మాటలు ముందు చెప్పాల్సి వస్తుంది. అది మూడోసారికి.

ప్రశ్న: పాత సినిమాల్లో మనుషులు గబగబా నడుస్తారు. ‘ది జనరల్’లో ఇంజను చక్రాలు కూడా ఒక్కోచోట అట్లాగే అనిపిస్తాయి. అప్పటి కెమెరా లోపమా, మనం వేసే తీరులో తప్పా? — రైల్వే ఉద్యోగి, కాజీపేట

రెండూ ఉన్నాయి, మూడో కారణం కూడా ఉంది. అప్పటి కెమెరా చేత్తో తిప్పేది. సెకనుకు 16 నుంచి 24 ఫ్రేముల (విడి బొమ్మల) మధ్య, సినిమాను బట్టి, తిప్పే మనిషిని బట్టి మారేది. టాకీ వచ్చాక 24 స్థిరపడింది. 18 ఫ్రేములతో తీసినదాన్ని 24తో వేస్తే అడుగులు తడబడుతూ పరిగెత్తినట్టుంటాయి. మూడో కారణం, హాస్యచిత్రాల వాళ్లు కావాలనే కెమెరాను కాస్త నెమ్మదిగా తిప్పేవాళ్లు, తెర మీద చర్య చురుగ్గా కనబడాలని. కాబట్టి వేగాన్ని మామూలు నడకకు దించేస్తే దర్శకుడు వేసిన లెక్క చెడుతుంది.

పాతకాలం లెక్కలో 1000 అడుగుల రీలు, అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 16 చొప్పున నడిపితే 16 నిమిషాల 40 సెకన్లు, 24 చొప్పున నడిపితే 11 నిమిషాల పైచిలుకు. ఒకే సినిమా నిడివి ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉండటానికి సగం కారణం ఇదే.

పునరుద్ధరించి విడుదల చేసిన డిస్కుల్లో వేగం సరిచేసే ఉంటుంది, ముట్టుకోవద్దు. ఎక్కడినుంచో దొరికిన పాత ఫైలైతే పరీక్షించండి. మనుషులను చూడకండి, వాళ్లు నటిస్తున్నారు. పడుతున్న నీళ్లు, గాలికి కదిలే చెట్లు, దూరంగా వీధిలో పోయే జనం, ఇంజను పొగ చూడండి. అవి కూడా గాభరా పడుతుంటే వేగం ఎక్కువైనట్టే. వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగాన్ని 0.1 చొప్పున తగ్గించవచ్చు. 0.9 పెట్టి చూడండి, అవసరమైతే 0.8. అంతకన్నా కిందికి దిగితే బొమ్మ కుదుపులతో నడుస్తుంది. ఏ వేగం ఖాయం చేసినా రిహార్సల్‌కు ముందే చేయండి. ఆ తర్వాత మారిస్తే వాద్యకారుల లెక్కలన్నీ పోతాయి.

మీ ఉత్తరంలో ఆవిరి ఇంజను ప్రస్తావన ఉంది కాబట్టి మీ ఊరి తబలా, డోలు వాళ్లకు ఒక మాట. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగుసార్లు ‘ఛఫ్’మంటుంది. తెర మీద చక్రం చూస్తూ చుట్టుకు నాలుగు దెబ్బలు వేస్తే, వినేవాళ్లకు కారణం తెలియకపోయినా రైలు నిజంగా కదులుతున్నట్టుంటుంది. బయల్దేరేటప్పుడు నాలుగూ విడివిడిగా, వేగం అందుకున్నాక ఒక్క గరగరగా.

ప్రశ్న: నేను కీబోర్డు వాయిస్తాను. తోడుగా ఫ్లూటు, తబలా, పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే ఒకరు ఉన్నారు. మూకీకి ఎప్పుడూ వాయించలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? పాటలు కట్టాలా, అప్పటికప్పుడు వాయించాలా? — సంగీత ఉపాధ్యాయుడు, వరంగల్

సగం కట్టాలి, సగం వదలాలి. నాటకానికి వాయించిన అనుభవం ఇక్కడ ఒకచోట అడ్డొస్తుంది. నాటకంలో నవ్వు ఆగేదాకా నటుడు ఆగుతాడు. సినిమా ఎవరి కోసమూ ఆగదు. హాలు నవ్వుతున్నప్పుడు కూడా తెర ముందుకు పోతూనే ఉంటుంది. కాబట్టి ఎంతసేపైనా సాగదీయగల, ఎక్కడైనా తెంపగల సంగీతం చేతిలో ఉండాలి.

మొదట వాద్యం ముట్టకుండా సినిమా రెండుసార్లు చూసి క్యూ షీటు రాయండి. నాలుగు గడులు: తెర మీద ఏం కనబడుతుంది, సుమారు సమయం, ఏం వాయించాలి, ఎలా బయటపడాలి. నాలుగోది చాలామంది రాయరు. పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి. గుర్తుగా గడియారాన్ని కాక బొమ్మనే పెట్టుకోండి. ఫైలు ఐదు సెకన్లు ఆలస్యంగా మొదలైనా గడియారం మోసం చేస్తుంది, బొమ్మ చేయదు.

‘వన్ వీక్’నే తీసుకుందాం. కొత్త దంపతులకు విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చిన ఇల్లు కానుకగా దొరుకుతుంది. ఆ అమ్మాయి కాదన్నవాడొకడు పెట్టెల మీది అంకెలు మార్చేస్తాడు. ఇల్లు వంకరటింకరగా లేస్తుంది. కథ ఒక వారం నడుస్తుంది, రోజు మారినప్పుడల్లా క్యాలెండరు కాగితం తెర నిండా వస్తుంది. ఇంతకన్నా మంచి గుర్తు మీకు దొరకదు. కాగితం కనబడగానే పాత లూప్ (తిప్పి తిప్పి వాయించే ముక్క) వదిలి కొత్తదానికి వెళ్లండి.

వరసలు మూడు చాలు. దంపతులకు ఒకటి, మధ్యమకాలంలో, మోహన రాగంలో పెట్టుకోవచ్చు. ఇంటికి ఒకటి. చివరి హడావుడికి ఒకటి. ఇంటి వరస శంకరాభరణంలో సూటిగా ఉండనివ్వండి. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాల బాణీ దీనికి బాగా పనికొస్తుంది. గమకం లేకుండా, పడమటి బాణీలో నిటారుగా నడుస్తాయి, ఫ్లూటు, క్లారినెట్ కలిసి వాయించడం తేలిక. ఇల్లు వంకరగా లేచాక అదే వరసను అంతర గాంధారం బదులు సాధారణ గాంధారంతో వాయించండి. ఒక్క స్వరం జరిగితే చాలు, ఇల్లు ఒరిగినట్టు చెవికి తెలుస్తుంది. శుక్రవారం 13వ తేదీన గాలివానలో ఇల్లు గిరగిరా తిరుగుతుంది. అక్కడ తబలా దాద్రా తాళంలోకి రావాలి, నిమిషానికి 90 దెబ్బల దగ్గర మొదలై ఇల్లుతో పాటు పెరగాలి.

ఇప్పుడు చివరి ఘట్టం. ఇంటిని లాక్కుపోతుంటే రైలు పట్టాల మీద ఇరుక్కుపోతుంది. రైలొస్తోంది. దంపతులు ఇక అయిపోయిందని ఒకరినొకరు పట్టుకుంటారు. రైలు పక్క పట్టాల మీదుగా వెళ్లిపోతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో రైలొచ్చి ఇంటిని తుక్కు చేస్తుంది. మొదటి రైలుకు ఎంత బిగిస్తే అంత మంచిది. అది వెళ్లిపోయాక అందరూ నిజంగా వదిలేయాలి. దంపతుల వరస ఫ్లూటు ఒక్కటే, మెల్లగా. తబలా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. రెండో రైలు ముందు తబలా మీద చిన్న గురగుర వినబడినా ఆ నవ్వు పోయింది. హాలుకు ముందే తెలిసిపోతుంది. తెర మీది మనిషికి ఏం తెలియదో అది సంగీతానికీ తెలియకూడదు. హాస్యానికి వాయించేవాళ్లు పట్టుకోవాల్సిన సూత్రమల్లా ఇదే.

‘ది జనరల్’లో అదే సంగతి ఇంకా సున్నితంగా ఉంటుంది. ప్రేమించిన అమ్మాయి మాట అనేసి వెళ్లిపోతే కీటన్ ఇంజను చక్రాలను కలిపే కడ్డీ మీద కూర్చుని దిగులుపడతాడు. ఇంజను కదులుతుంది. కడ్డీతో పాటు మనిషి పైకి లేస్తాడు, దిగుతాడు, లేస్తాడు. తనకేమీ తెలియదు. ఇక్కడ కీబోర్డు మీద కిందినుంచి పైకి, పైనుంచి కిందికి స్వరాలు జార్చాలని చేయి లాగుతుంది. వద్దు. దిగులు వరసనే చెక్కుచెదరకుండా వాయించండి. పైకి కిందికి పోయే పని బొమ్మ చేస్తోంది. ప్రతి పడిపోవడానికీ, ప్రతి తాపుకీ ఓ ‘డమ్’ కొడుతూ పోతే పది నిమిషాల్లో విసుగు పుడుతుంది. మొత్తం చిత్రంలో అలాంటి గట్టి దెబ్బలు ఐదారు ఎంచుకుని పెట్టుకోండి, మిగతావి వదిలేయండి.

తరుములాటలకు వేగం దాచుకోండి. మొదట్లోనే నిమిషానికి 160 దెబ్బలు పెడితే మూడు నిమిషాల తర్వాత ఎక్కడికీ పోలేరు. 112 దగ్గర ఎత్తుకుని, చిన్న చిన్న మెట్లుగా పెంచి, ఆఖరి నిమిషంలో 152 దాటండి. నాలుగు ఆవర్తాల లూప్ పెట్టుకుని, కీబోర్డు మనిషి తల ఊపితే ఆ ఆవర్తం చివర ముక్తాయి అని ముందే ఒప్పందం చేసుకోండి. తల ఊపేది ఒక్కరే కావాలి.

కీబోర్డులో ఆటోమేటిక్ రిథమ్ ఆపేయండి. అది నడుస్తుంటే ఆవర్తం మధ్యలో వేగం మార్చలేరు, ఆగలేరు, యంత్రం వెంట పడతారు. మామూలు పియానో స్వరమే పెట్టండి. శ్రుతి ముందు ఫ్లూటును బట్టి ఖాయం చేయాలి. ఆయన దగ్గరున్నది రెండు శ్రుతి ఫ్లూటైతే తబలా దానికి కట్టాలి, కీబోర్డును అదే శ్రుతికి ట్రాన్స్‌పోజ్ చేసుకోవాలి. బ్యాండు క్లారినెట్ సాధారణంగా బీ ఫ్లాట్‌ది. ఆయన ‘సి’ అని వాయించేది కీబోర్డు ‘సి’ కన్నా, నల్లమెట్టునూ లెక్కేస్తే, రెండు మెట్లు కింద పలుకుతుంది. ఇది రిహార్సల్ మొదటి పది నిమిషాల్లో తేల్చుకోకపోతే మూడు గంటలు వృథా. హాల్లో ఏసీ ఉంటే చల్లబడ్డాక ఫ్లూటు, క్లారినెట్ శ్రుతి కాస్త దిగుతుంది, ప్రదర్శనకు అరగంట ముందే హాల్లో వాయించి వేడెక్కించాలి.

సినిమా పాటల వరసలు వాడొద్దు. వినగానే పల్లవి గుర్తొచ్చి జనం లోలోపల పాడుకుంటారు, చూపు తెర వదిలేస్తుంది. హక్కుల సమస్య సరేసరి, దాని సంగతి కింద ఉంది.

ఇక నవ్వు. హాలు నవ్వినప్పుడు శబ్దం పెంచి పోటీ పడకండి, ఆపేయకండి కూడా. సగానికి తగ్గించి లూప్ నడపండి. నవ్వు సద్దుమణిగే చోట మళ్లీ అందుకోండి. నవ్వెక్కడ వస్తుందో మీకు మీరే ఊహించుకోలేరు. అందుకే ఆఖరి రిహార్సల్‌కు సినిమా చూడనివాళ్లను పదిమందిని కూర్చోబెట్టి, ఎక్కడా ఆపకుండా మొదటినుంచి చివరిదాకా వాయించండి. వాళ్లు నవ్విన చోట్లు క్యూ షీటు మీద గీత పెట్టుకోండి. శబ్దం స్థాయికి ఒక పరీక్ష: ఆఖరి వరుసలో ఇద్దరు మామూలు గొంతుతో మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినబడాలి. వినబడకపోతే మీ వాద్యం ఎక్కువైంది, జనం నవ్వు ఒకరిది ఒకరికి అందదు. నవ్వు అంటుకునేది పక్కవాడి నుంచే.

ప్రశ్న: మా ఊళ్లె ఒగ్గుకథ చెప్పేటోళ్లున్నరు, డోలు మంచిగ కొడ్తరు. డప్పు కూడా ఉన్నది. ఈ మూగ సినిమాకు వాళ్లు వాయిస్తే నడుస్తదా? పియానోనే ఉండాలె అంటున్నరు కొందరు. — యువజన సంఘం సభ్యుడు, జనగామ జిల్లా

మంచిగ నడుస్తది. పియానో ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఆ రోజుల్లో ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. పెద్ద హాళ్లలో ఆర్కెస్ట్రా, చిన్న హాళ్లలో ఒక్క పియానో, మన దేశంలో హార్మోనియం, తబలా.

మీవాళ్లకు చెప్పాల్సిన తేడా ఒకటే. ఒగ్గుకథలో డోలు కథకుడి మాటను పట్టుకుని లేస్తుంది. ఇక్కడ మాట లేదు, బొమ్మను పట్టుకుని లేవాలి. చూపు తెర మీదే ఉండాలి. రెండు రోజులు కూర్చోబెట్టి సినిమా చూపించండి. పట్టు వాళ్లకు దొరుకుతుంది, కథలో నవ్వించే చోట్లు వాళ్లకు కొత్త కావు.

ఆరుబయటైతే ఒక డప్పు, రెండు డోళ్లు సరిపోతాయి. నాలుగు గోడల మధ్య డప్పు వద్దు. తప్పదంటే ఒక్కటే, చివరి తరుములాటకు, సిర్రకు గుడ్డ చుట్టి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డప్పు కాపితేనే పలుకుతుంది, హాల్లో మంట పెట్టలేరు. వానకాలమైతే అరగంటలో చర్మం సడలుతుంది. బయట కాపి తెచ్చి, అవసరమైన పది నిమిషాలే వాడుకోవాలి. హాల్లో మొత్తం సినిమాకు కంజీర, ఒక డోలు, తాళాలు చాలు. తాళాల జతను మాత్రం దాచుకోండి. మొదటినుంచీ మోగితే చెవులు మొద్దుబారతాయి. తోడుగా హార్మోనియమో ఫ్లూటో ఒకటి ఉండాలి. దరువు ఒక్కటే ఉంటే పరుగు బాగుంటుంది, ప్రేమ ఘట్టం ఎండిపోతుంది.

ప్రశ్న: మా బడి పిల్లలు ఆరు, ఏడు తరగతుల వాళ్లు. ఇంగ్లీషు టైటిల్ కార్డులు అంత వేగంగా చదవలేరు. కింద తెలుగు వేయాలా, ఎవరైనా చదవాలా? — ఉపాధ్యాయురాలు, కరీంనగర్

చదివించండి. మూకీల కాలంలో హాల్లో ఒకరు నిలబడి కార్డులు పైకి చదివి వినిపించడం మన దేశంలో మామూలే. జపాన్‌లో ‘బెన్షి’ అనే వ్యాఖ్యాతల కోసమే జనం వచ్చేవాళ్లు. పిల్లలకు అక్షరాలకన్నా గొంతు దగ్గర.

హాస్యచిత్రాల్లో కార్డు ఉండేది నాలుగైదు సెకన్లు. తెలుగు వాక్యం ఏడెనిమిది మాటలు దాటకూడదు. ఇంగ్లీషులో ఉన్నదంతా చెప్పాలని చూడకండి, కథ నడవడానికి కావలసిందే చెప్పండి. కార్డు కనబడగానే మొదలుపెట్టి, పోయేలోపు ముగించాలి. బొమ్మ మళ్లీ వచ్చాక ఒక్క మాట మిగిలినా అది నవ్వు మీద పడుతుంది. ఆ నాలుగు సెకన్లు వాద్యం తగ్గాలి. కాబట్టి చదివేవాళ్లు కూడా రిహార్సల్‌కు రావాలి. ‘ఇప్పుడు చూడండి’, ‘పాపం పడిపోతాడు’ లాంటి మాటలు అసలే వద్దు. చూసింది మళ్లీ చెప్పకూడదు, చూడబోయేది ముందు చెప్పకూడదు.

కింద తెలుగు వేయక తప్పదంటే రెండు వరుసలకు మించకుండా, లావుపాటి ఫాంటుతో, వరుసల మధ్య ఖాళీ ఎక్కువ ఉంచండి, లేకపోతే ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. విడి సబ్‌టైటిల్ ఫైలును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో దాచాలి. ఒక కంప్యూటర్లో బాగా కనబడినవి మరోదానిలో ఒత్తులు విడిపోయి కనబడతాయి. అందుకని అక్షరాలను వీడియోలోనే శాశ్వతంగా కలిపేయడం నయం.

ప్రశ్న: మా క్లబ్ హాల్లో మామూలు ప్రొజెక్టరుంది, 3500 ల్యూమెన్లు. తెర ఎంత పెట్టాలి, ఎంత దూరంలో పెట్టాలి? వాద్యకారులు ఎక్కడ కూర్చోవాలి? కరెంటు పోతే? — గోదావరిఖని

మూకీ బొమ్మ దాదాపు 4:3 కొలతలో ఉంటుంది. తెర 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు అనుకోండి. ఇప్పటి ప్రొజెక్టరు 16:9ది అయితే, 9 అడుగుల ఎత్తు రావాలంటే అది మొత్తం 16 అడుగుల వెడల్పు వెలుగు పరచాలి. రెండు పక్కలా రెండేసి అడుగులు నల్లగా పోతాయి. త్రో రేషియో (దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అని రాసి ఉంటే 16 × 1.5 = 24 అడుగుల దూరం కావాలి. 12 అడుగులకే లెక్క కట్టి 18 అడుగుల దగ్గర పెడితే బొమ్మ తెర కన్నా చిన్నదవుతుంది. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. ఆ రెండు పక్కల నల్లబట్ట కట్టండి. ప్రొజెక్టరు నలుపు నిజమైన నలుపు కాదు, బూడిదరంగు పట్టీల్లా కనబడుతుంది. బొమ్మను అడ్డంగా సాగదీసి తెర నింపొద్దు, మనుషులు పొట్టిగా లావుగా అయిపోతారు.

16 × 9 అంటే 144 చదరపు అడుగులు. 3500 ల్యూమెన్ల వెలుగును దానితో భాగిస్తే చదరపు అడుగుకు 24 పైన వస్తుంది. దీపం పాతబడి సగానికి పడినా 12 ఉంటుంది. సినిమా హాళ్ల కొలత 14 నుంచి 16. కాబట్టి హాలు పూర్తిగా చీకటైతే మీ ప్రొజెక్టరు చాలు. కిటికీల్లోంచి వెలుగొస్తే ఎంత ఉన్నా చాలదు. పగలు వేయాలంటే కిటికీలకు నల్ల కాగితం అంటించండి. ప్రొజెక్టరును వంచి, వంకర పోయిన బొమ్మను కీస్టోన్‌తో సరిచేస్తే స్పష్టత తగ్గుతుంది, బల్ల ఎత్తు పెంచడమే మేలు.

వాద్యకారులు తెరకు ఎడమవైపు కింద, తెర వైపు వాలుగా కూర్చోవాలి. తెర ముందు కూర్చుంటే తలలు అడ్డం, వెనక కూర్చుంటే బొమ్మ కనబడదు. ఆ మూల నుంచి తెర వాలుగా కనబడితే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టి ఒక చిన్న మానిటరు వాళ్ల ముందు ఉంచండి. టీవీ వాడితే దానిలో గేమ్ మోడ్ పెట్టండి. లేకపోతే బొమ్మ తెర కన్నా ఆలస్యంగా వచ్చి, దెబ్బలన్నీ తర్వాత పడతాయి. స్టాండు దీపాలు చిన్నవి, పసుపువి, మూత ఉన్నవి కావాలి. తెర మీద ఆ వెలుగు పడుతోందో లేదో ఆఖరి వరుసలో కూర్చుని చూడండి.

కరెంటు: ప్రొజెక్టరు 300 వాట్లు, యాంప్లిఫయరు 200, ల్యాప్‌టాప్, కీబోర్డు కలిపి 100 అనుకుంటే 600. దానికి 1 కేవీఏ యూపీఎస్ అంచున నిలుస్తుంది. 1.5 కేవీఏ తీసుకోండి. దీపం ప్రొజెక్టరుకు కరెంటు హఠాత్తుగా పోతే ఫ్యాను కూడా ఆగి దీపం దెబ్బతింటుంది, వెంటనే మళ్లీ వెలగదు, చల్లారేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. కాబట్టి జనరేటరు ఉన్నా మధ్యలో యూపీఎస్ ఉండాల్సిందే. బొమ్మ ఆగిపోతే వాద్యకారులు ఆగొద్దు. హాలు చీకట్లో గందరగోళం కాకుండా వాళ్లే పట్టుకోగలరు.

సినిమాను నెట్‌లోంచి నేరుగా నడపకండి. ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉండాలి, నోటిఫికేషన్లు, స్క్రీన్‌సేవరు ఆపి ఉండాలి, ఫైలులో ఉన్న సంగీతం మ్యూట్ చేసి ఉండాలి.

ప్రశ్న: మాది మిమిక్రీ నేర్చుకునే బృందం. మూకీకి శబ్దాలు మేం ఇవ్వొచ్చా? — హనుమకొండ

నేరెళ్ల వేణుమాధవ్ ఊరివాళ్లు అడగాల్సిన ప్రశ్నే. ఇవ్వొచ్చు, లెక్కతో ఇవ్వాలి. పాత కాలంలోనూ తెర పక్క నుంచి గంటలు, ఈలలు, గుర్రపు డెక్కల చప్పుళ్లు ఇచ్చేవాళ్లు. ఒక రెండు రీళ్ల చిత్రానికి డజను శబ్దాలు మించొద్దు: రైలు కూత, తలుపు కిర్రుమనడం, గాలి, కుక్క. పాత్రల పెదవులకు మాటలు పెట్టడం మాత్రం వద్దు. అది వేరే ఆట, కీటన్ ముఖం చేసే పనిని ఆపేస్తుంది.

శబ్దం బొమ్మతో పాటే పడాలి. ముందు పడితే రహస్యం విప్పినట్టు, వెనక పడితే వెక్కిరించినట్టు. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) గాలివాన ఘట్టంలో ఇంటి ముందుగోడ మొత్తం కీటన్ మీద కూలుతుంది. పై కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోట పడి బతుకుతాడు. అది నిజమైన బరువున్న గోడ, నిజంగానే మీద పడనిచ్చారు. గోడ ఒరగడం మొదలవగానే గాలి శబ్దమూ వాద్యమూ రెండూ ఆగిపోవాలి. గోడ నేలను తాకిన క్షణాన డోలు మీద ఒకే ఒక్క బరువైన దెబ్బ. తర్వాత రెండు సెకన్లు ఏమీ వద్దు. హాల్లో ఊపిరి పీల్చిన చప్పుడు మీకే వినబడుతుంది. ఆ తర్వాత గాలి మళ్లీ ఎత్తుకోండి.

ప్రశ్న: మన తెలంగాణల మూకీలు తీసిన్రా? ‘పుష్పక విమానం’ మూకీ అనొచ్చా? — ఆదిలాబాద్

తీశారు. బెంగాలీ హాస్యచిత్రాల దర్శకుడు ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాద్ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. ‘రజియా బేగం’ అనే చిత్రాన్ని ప్రదర్శించినందుకు నిజాం ఆగ్రహించి 1924లో ఆయన్ను రాజ్యం వదిలి పొమ్మన్నాడు. ఆ పని అక్కడితో ఆగింది.

‘పుష్పక విమానం’ (1987) మాటల్లేని సినిమా, మూకీ కాదు. అందులో వీధి చప్పుళ్లు, ఎల్. వైద్యనాథన్ సంగీతం అన్నీ ఫిల్మ్ మీదే ఉన్నాయి. దానికి పక్కన వాద్యం పెట్టడానికి లేదు.

ప్రశ్న: హక్కులు, అనుమతులు? — నిజామాబాద్

మన కాపీరైట్ చట్టంలో సినిమాకు హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1920ల చిత్రాల గడువు ఎప్పుడో తీరింది. కానీ డిస్కులో కొత్తగా చేర్చిన సంగీతానికి, కొత్త టైటిళ్లకు హక్కులు వేరుగా ఉంటాయి. అందుకే ఆ సంగీతం వాడకూడదు. చాప్లిన్ కట్టిన సంగీతానికి, ఆయన 1977లో పోయాడు కాబట్టి, ఇంకా హక్కులున్నాయి. సినిమా పాటల వరసలు బహిరంగంగా వాయిస్తే ఐపీఆర్‌ఎస్ (సంగీత, గీత రచయితల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు సంగతి వస్తుంది. బహిరంగ ప్రదర్శన అన్నప్పుడు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సార్ సర్టిఫికెట్ ప్రశ్న కూడా ఉంది. టికెట్ పెట్టేముందు కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మధ్యలో ఇంటర్వెల్ ఇవ్వొచ్చా? — మంచిర్యాల

రెండు చిత్రాల మధ్య పది నిమిషాలు ఇవ్వండి. తబలా మళ్లీ శ్రుతి చేసుకోవడానికి, క్లారినెట్ ఆయన నీళ్లు తాగడానికి అది కావాలి. ఒక చిత్రం మధ్యలో మాత్రం వద్దు. కీటన్ ఒక నవ్వు మీద ఇంకో నవ్వు పేర్చుకుంటూ పోతాడు. టీ తాగొచ్చి కూర్చున్న హాలును మళ్లీ మొదటినుంచి నవ్వించాలంటే సినిమాలో అంత నిడివి మిగలదు.